చివరి పేజీ దాకా చదివిన మేడం

మా కంప్యూటర్ ల్యాబ్‌లో యూనిక్స్ నేర్పిన మేడం పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను క్లాసులో ఉన్నాను. "సరే" అని పెట్టేసి, బోర్డు మీద సగంలో ఆగిన కమాండు పూర్తి చేశాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు.

కరీంనగర్‌లోని కాలేజీలో ఆమె దగ్గర చదువుకుని, అదే కాలేజీలో ఆమె పక్కనే పాఠాలు చెప్పడానికి చేరాను. ఏ సాఫ్ట్‌వేర్ తెచ్చుకున్నా దానితోపాటు 'రీడ్‌మీ' అనే ఫైలు వస్తుంది. ఎలా ఎక్కించాలో, ఎక్కడ చెడుతుందో తయారుచేసినవాళ్లు అందులో రాసి పెడతారు. మేమంతా దాన్ని దాటేసి ఇన్‌స్టాల్ కొట్టబోయేవాళ్లం. మేడం కీబోర్డు పక్కకు జరిపేవారు.

"జర ఆగుండ్రి. చేసినోళ్లు ఏం చెప్పిండ్రో ముందు ఇనుండ్రి."

కళ్లద్దాలు తుడుచుకుని, పేపర్లో వార్త చదివినట్టు పైకి చదివేవారు.

ఒకసారి ప్రాక్టికల్ పరీక్షల పొద్దున డేటాబేస్ కొత్త వెర్షన్ ఎక్కించాల్సి వచ్చింది. ఫైనలియర్ పిల్లల ప్రాజెక్టులన్నీ అందులోనే ఉన్నాయి. మేడం దాని రీడ్‌మీ చదువుతుంటే ప్రిన్సిపాల్ సార్ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఇంకెంతసేపు మేడం? ఎగ్జామినర్ వచ్చి కూసున్నడు."

"ఇంకో పేజీ ఉన్నది సార్."

పాత డేటాను ముందే విడిగా తీసి పెట్టుకోకపోతే ఇక దొరకదని ఆ పేజీలోనే ఉంది. తీసి పెట్టేసరికి పరీక్ష మధ్యాహ్నానికి వాయిదా పడింది. సార్ అందరి ముందే కేకలేశారు.

"లేటైతే నన్ను తిడ్తరు, అంతే గదా సార్. గా డేటా పోతే పోరల ఏడాది పోతది" అన్నారు మేడం, గొంతు పెంచకుండా. ఆ పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

జబ్బు చేశాక కాగజ్‌నగర్‌లోని తమ్ముడింటికి వెళ్లారు. చూపు బాగా తగ్గింది. నేను చూడటానికి వెళ్తే మందు డబ్బాలోని కాగితం తీసి నా చేతికిచ్చారు. ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో చెబుతూ వచ్చాను. ఒక వాక్యం వదిలేసి కిందికి పోయాను.

"నడుమ ఇడిసిపెట్టినవ్. చదువు బిడ్డా."

చదివాను. ఈ మందు జబ్బును ఆపదు, నొప్పిని మాత్రం తగ్గిస్తుంది. ఆమె కాగితం తీసుకుని, మడతల వెంటే మడిచి డబ్బాలో పెట్టారు.

"మంచిది. ఇప్పుడు ఎరుకైంది. మా తమ్మునికి నువ్వు చెప్పకు, నేనే చెప్త."

కాగజ్‌నగర్‌లో అంత్యక్రియలయ్యాక రైలెక్కాను. ఎదురు సీట్లో ఎవరో పెద్దావిడ నన్నేమీ అడగలేదు. వేడివేడి ఉడకబెట్టిన పల్లీలు గుప్పెడు నా చేతిలో పోసింది. పెద్దపల్లిలో దిగి కరీంనగర్ బస్సెక్కాను. సుల్తానాబాద్ దాటింది. పల్లీలు పిడికిట్లోనే చల్లారిపోయి ఉన్నాయి.