కాలేషా కారు అద్దం

మా కాలేషా నోటి నుంచి ఒక్క మంచిమాట విన్నానని చెప్పే మనిషి గురజాలలో నాకింతవరకు తగల్లేదు. చెడ్డవాడా అంటే కాదు. చీమ ఎదురుపడినా పక్కకి తప్పుకునే రకం. కాకపోతే ఆ చీమని కూడా, "నేను తప్పుకున్నా, ఇంకెవరి కాలికిందో పడకుండా ఉంటావా" అని చెప్పి మరీ పంపిస్తాడు.

నేను కొత్త బండి కొని చూపిస్తే చుట్టూ తిరిగి చూశాడు. "బాగుందిరా రవిశంకరూ. రెండో తాళం జాగ్రత్తగా పెట్టుకో. మొదటిది ఎటూ పోద్ది" అన్నాడు. మా వీధి నరసింహారావు గారి చేలో ఒక ఏడు మిర్చి విరగకాసింది. అందరూ ఆహా ఓహో అంటుంటే వీడు కల్లం పక్కన గొంతుక్కూర్చుని, "చానా బాగా కాసింది పెదనాన్నా. ఇట్టా కాసిన ఏడే రేటు పడిపోద్ది" అన్నాడు. పడిపోయింది కూడా. మా తమ్ముడి పెళ్లిలో అక్షింతలు వేస్తూ పెళ్లికొడుకు చెవిలో ఏదో చెప్పాడు. ఏమన్నాడ్రా అని తర్వాత మావాణ్ణి అడిగితే, "సరే కానీ, ఇంక చేసేదేముంది, అన్నాడన్నా" అన్నాడు.

అందుకే వాడి టాక్సీని పెళ్లిళ్లకి ఎవరూ పిలవరు. ఆస్పత్రులకీ కోర్టులకీ పోయేవాళ్లు పిలుస్తారు. "ఎటూ దిగులు మొహాలే కదా. నా మాటకి కొత్తగా పోయేదేముంది?" అని వాడే అంటాడు.

పోయినేడు మా పద్మజక్కకి రొమ్ములో గడ్డ కనపడింది. ఆపరేషన్ అయింది. ఆ తర్వాత గుంటూరులో కొన్ని వారాలపాటు రోజూ రేడియేషన్ పెట్టించుకోవాలన్నారు. అక్కడే గది తీసుకుందామంటే పరాయి మంచం మీద నిద్ర పట్టదంది. కాలేషా కారు మాట్లాడాను. ముందు సీట్లో అక్క, వెనక నేను.

దారి పొడుగునా నేను ధైర్యం చెప్పేవాణ్ణి. "ఏం కాదక్కా. ఈ రోజుల్లో ఇది జలుబుతో సమానం."

"జలుబు కూడా కొందరికి తగ్గదు" అనేవాడు కాలేషా, గేరు మారుస్తూ.

అక్క కిటికీలోంచి చూస్తూ ఉండేది. ఒళ్లు కమిలిపోయి పైట తగిలినా మంట. తిండి సయించదు. ఒకరోజు పిడుగురాళ్ల ఇంకా దాటలేదు, ఉన్నట్టుండి, "ఇదే ఆఖరు రవీ. రేపట్నుంచి నేను రాను. ఎన్నాళ్లుంటే అన్నాళ్లు ఇంటికాడే ఉంటా" అంది.

అంతలో ముందు పోతున్న సున్నపురాయి లారీ మీంచి ఒక ముక్క జారి, రోడ్డు మీద ఎగిరి, కారు ముందద్దానికి టప్ మని తగిలింది. అక్క కూర్చున్న వైపు, కింది మూలన, వెంట్రుకంత పగులు.

కాలేషా కారాపి, దిగి, వంగి చూశాడు. వాడి మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూళ్లేదు. "చెప్పానా?" అన్నాడు. ఏం చెప్పాడో మాకు గుర్తులేదు. చెప్పే ఉంటాడు. వాడు చెప్పని ఆపద లేదు.

"ఇన్సూరెన్స్ ఉందా?" అంది అక్క.

"ఉందక్కా. రాదు."

"ఎందుకు రాదు? కట్టావా లేదా?"

"కట్టా. కట్టినోళ్లకే రాదక్కా."

అక్క వెనక్కి తిరిగి నన్ను చూసింది. మళ్లీ వాణ్ణి చూసింది. "ఫోన్ ఇట్టా తే" అంది.

అక్క కరెంటాఫీసులో క్లర్కు. కాయితం ఏ బల్ల మీద నిద్రపోద్దో, దాన్ని ఎట్టా లేపాలో తెలిసిన మనిషి. గుంటూరు చేరేదాకా కంపెనీవాళ్లతో మాట్లాడుతూనే ఉంది. వీడికి ఆన్‌లైన్ రాదంటే ఫొటోలు కూడా తనే తీసి పంపింది. మర్నాడు కారు రాకముందే చెప్పులేసుకుని వీధిలో నిలబడింది. రానన్నావుగా అని నేను అడగలేదు. "ఇన్సూరెన్స్ సర్వేయర్ ఆస్పత్రి దగ్గరికే వస్తానన్నాడు. ఈ మొద్దుని ఒక్కణ్ణే పంపితే చెడగొట్టుకొస్తాడు" అంది తనే.

చెడగొట్టేవాడే. సర్వేయర్ భరత్ గారు ఆస్పత్రి పార్కింగులో అద్దం చూస్తూ, "రాయి ఎలా తగిలింది?" అని అడిగాడు.

"లారీకి దగ్గరగా పోయింది నేనే సార్. తప్పు నాదేనని రాసుకోండి. మీకూ పని తగ్గిద్ది."

"నోర్ముయ్" అంది అక్క. "సార్, వాడి మాట రాయమాకండి. వాడికి మనసు బాగుండదు."

"ఎప్పట్నుంచమ్మా?"

"పుట్టినప్పట్నుంచి."

ఆయన నవ్వి ఫొటోలు తీసుకుని పోయాడు. ఆ రోజు నుంచి కార్లో ఒకటే మాట. అప్రూవల్ వచ్చిందా? రాలేదక్కా, వచ్చేట్టు లేదు. పగులు పెరిగిందా లేదా తెలియడానికి అక్క దాని చివర బొట్టుబిళ్ల అంటించింది. పగులు బిళ్ల దాటితే ఇంకోటి. "ఇది మనల్ని గుంటూరు చేర్చదక్కా" అని వాడు. "అధైర్యపడమాక కాలేషా. దేనికైనా టైం పడుద్ది. ఓపిక పట్టాలి" అని అక్క. అన్నీ నేను ఆమెకి చెప్పిన మాటలే. నేను చెబితే అలిసిపోయిన మనిషి, తను చెప్పేటప్పుడు మాత్రం నిటారుగా కూర్చునేది.

అన్ని రోజులూ అట్టా లేవు. అక్క టైముకే రేడియేషన్‌కి వచ్చే ఫిలోమినా గారు ఉన్నట్టుండి రావడం మానేశారు. ఎందుకని ఎవరినీ అడగలేదు. తిరుగుదారిలో అక్క సత్తెనపల్లి దాకా కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కాలేషా గొంతు సవరించుకుని, "అక్కా, పగులు నీ పక్క నుంచి నా పక్కకి తిరిగినట్టుంది" అన్నాడు.

అక్క కళ్లద్దాలు పెట్టుకుని ముందుకి వంగింది.

ఒక ఆదివారం పనిమీద నరసరావుపేట పోయి, దారిలో క్లెయిమ్ మీద కాలేషా కారుకి అద్దం మార్చాల్సిన జహంగీర్ షెడ్డులో దిగాను. అప్రూవల్ సంగతి అడుగుదామని. జహంగీర్ నన్ను వింతగా చూశాడు. "ఎప్పుడో వచ్చింది గదా! అద్దం కూడా వచ్చి గోడకానించి ఉంది. బిగించుకోరా నాయనా అంటే, రేపొస్తా రేపొస్తా అంటాడు. ఆ పగుల్తో తిరిగితే అక్కకేమన్నా అయిద్దా అని మాత్రం దినం ఫోన్ చేస్తాడు. లోపల పొర ఉండిద్ది, మూల పగులుకి ఏం కాదని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది."

సాయంత్రం నేరుగా కాలేషా ఇంటికి పోయాను. అద్దం సంగతి అడిగితే వాడు తలొంచుకుని గోరు గిల్లుకున్నాడు.

"అద్దం మార్చేస్తే అక్క దేన్ని చూస్తది రా? తననే చూసుకుంటది" అన్నాడు. తర్వాత, "నువ్వు చెప్పేస్తావు. నాకు తెలుసు" అన్నాడు.

నేను చెప్పలేదు.

రేడియేషన్ అయిపోయింది. ఆఖరి రోజు తిరుగుదారిలో, ఇప్పుడే మెసేజ్ వచ్చిందంటూ కాలేషా కారు నరసరావుపేట వైపు తిప్పాడు. జహంగీర్ మనుషులు పాత అద్దం ఊడదీస్తుంటే అక్కా నేనూ చెట్టుకింద కుర్చీల్లో కూర్చున్నాం. ఇంక దాచడం దేనికని నేను నోరు తెరిచాను. "అక్కా, అసలు ఆ అప్రూవల్..."

"చానా రోజులైంది" అంది అక్క. "క్లెయిమ్‌లో నా నంబరే ఇచ్చాగా. మెసేజ్ నాకే వచ్చింది."

"మరి వాడితో అనలేదేం?"

"పిచ్చోడు. అబద్ధమాడటం చేతగాక స్టీరింగ్ మీద చెమటలు కార్చుకుంటన్నాడు. అంత కష్టపడేవాణ్ణి మధ్యలో ఆపమంటావా?"

కాలేషా చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. బంక ఆరేదాకా కారు కదలకూడదంట, కూర్చోవాలంట. అక్క వాణ్ణి ఎగాదిగా చూసింది. జబ్బు పూర్తిగా పోయిందీ లేనిదీ ఇప్పుడే చెప్పలేమన్నాడు డాక్టరు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

"వానలు పోయాక మళ్లీ పరీక్షలకి రమ్మన్నారు కాలేషా. నువ్వేమంటావు?"

ఒక్కసారికి, ఈ ఒక్కసారికి మంచిమాట అనరా అని మనసులోనే వాడి కాళ్లు పట్టుకున్నాను. కాలేషా ఆకాశం చూశాడు. రోడ్డు చూశాడు. గడ్డం గోక్కున్నాడు.

"వానలకి రోడ్డంతా గుంటలు పడిపోద్దక్కా" అన్నాడు. "మనం ఇంకో గంట ముందే బయల్దేరాల."

అక్క పమిట కొంగు నోటికడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వింది. "సరే. కోడి కూయకముందే రా. కాఫీ పెట్టి ఉంచుతా."