పెళ్లిచూపుల్లో ఇంగ్లీషు సినిమా

మా కాకకు ఇంగ్లీషు రాదు. అయినా హన్మకొండలో ఆదివారం మార్నింగ్ షోగా వేసే ఇంగ్లీషు సినిమా ఒక్కటి కూడా వదిలేవాడు కాదు. ఆయన మా బాపుకు తమ్ముడు. పెళ్లి చేసుకోలేదు. వరంగల్ చౌరస్తా దగ్గరి మా గిన్నెల దుకాణంలో వారమంతా స్టీలు బిందెల మధ్య కూర్చుని, ఆదివారం పొద్దున ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నన్ను కేకేసేవాడు. తెర మీద ఎవరు ఏమన్నారో చెవిలో చెప్పడానికి ఆయనకు ఒక మనిషి కావాలి. ఇంట్లో ఇంగ్లీషు మీడియం చదివింది నేనొక్కదాన్నే. ఆడపిల్లను ఆ సినిమాలకు తీసుకుపోతావా అని అమ్మ అడ్డం పడితే, "పిల్లకు ఇంగ్లీషు మంచిగొస్తది వదినా" అని నవ్వేవాడు. ఆ సినిమాల్లో నేర్చుకోవడానికి ఇంగ్లీషు ఎక్కడుంది? అరుపులు, మూలుగులు, మధ్యలో కొన్ని బూతులు. బూతులు వచ్చినప్పుడు నాకు తెలియదనేదాన్ని.

ఎనభైల మొదట్లో వచ్చిన సినిమా ఒకటి మా వాళ్లకు పిచ్చెక్కించింది. బాంబులు పడి లోకం తగలబడిపోతుంది. సముద్రాలు ఎండిపోతాయి. మిగిలిన జనం ఆ ఎండిన సముద్రం అడుగున, పక్కకు ఒరిగిన ఓడల్లో కాపురముంటూ, మంచినీళ్ల కోసం ఒకరినొకరు చంపుకుంటారు. పడవలకు చక్రాలు తగిలించి, తెరచాపలు కట్టి ఇసుకలో తరుముకుంటారు. హీరో పాత నావికుడు, ఎక్కువగా మాట్లాడడు. కథ ఇంతే. కానీ ఒప్పుకోవాలి, అందులో ఏదో ఉంది. చివర్లో హీరో ఓడ స్తంభం మీది నుంచి పెద్ద గోతిలో పడిపోతాడు. చచ్చాడనుకుని అందరూ వెళ్లిపోతారు. తెర చీకటయ్యే ముందు, గోతిలో వేలాడుతున్న తాడు మీద అతని వేళ్లు కదులుతాయి. అంతే, హాలంతా లేచి ఈలలు వేసింది. కాక నా భుజం పట్టుకుని ఊపేశాడు.

నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉండగా దాని రెండో భాగం వచ్చింది. మొదటిదాంట్లో ఉన్న ఆ కాస్త ఏదో కూడా ఇందులో లేదు. కొత్త విలన్ ఒక లావుపాటి మనిషి. జనం దాహంతో చస్తుంటే, తొట్టి నిండా నీళ్లలో కూర్చుని ద్రాక్షపళ్లు తింటుంటాడు. అంతా కాలిపోయిన లోకంలో ద్రాక్షతోట ఎక్కడ మిగిలిందో ఎవరూ చెప్పరు. హీరోయిన్ సినిమా పొడుగునా హీరో వెనక నీళ్ల పీపా మోస్తూ నడుస్తుంది. ఆమెకు ఒక్క మాటా లేదు. ఆమె ముఖం తెర మీదికి వచ్చినప్పుడల్లా కాక "ఏమంటాందే?" అని అడిగేవాడు. ఏమీ అనడం లేదు కాకా అని ప్రతిసారీ చెప్పాను.

సినిమా వదిలాక జనం ఇళ్లకు పోలేదు. హాలు ఎదుటి చాయ్ హోటల్ ముందర రెండు పార్టీలుగా చీలిపోయారు.

"ఫస్టు పార్టుల ఏమున్నదన్నా? ఇసుక, ఓడలు. దీంట్ల ఫైటింగులు చూడు. పడవలు గాల్లకు లేస్తానయ్!" అన్నాడొకడు.

"లేస్తయ్, ఎందుకు లెవ్వయ్! బుర్ర ఇంటికాడ పెట్టొస్తే అన్నీ లేస్తయ్" అన్నాడు ఇంకొకడు.

"నీ బుర్ర తెచ్చుకొమ్మని ఎవడన్నడు? టికెట్ తెచ్చుకొమ్మన్నడు."

మా కాక రెండో భాగం పార్టీ. "ఫస్టుది ట్రయలు. అసలు బొమ్మ ఇదే" అని చాయ్ గ్లాసు ఎత్తి మరీ తీర్పు చెప్పాడు. చొక్కాలు పట్టుకునేదాకా పోయింది గొడవ. వాళ్లలో సగం మందికి హీరో పేరు పలకడం రాదు. నేను కాక చెవిలో చెబుతుంటే ముందు వరస వాళ్లు వెనక్కి వాలి, వెనక వరస వాళ్లు ముందుకు వంగి విన్న మాటలే వాళ్లకు తెలిసిన కథ. నా అభిప్రాయం మాత్రం ఒక్కడూ అడగలేదు. రోడ్డుకు ఇవతల నిలబడి, ఇంత తెలివితక్కువ మగవాళ్లు ఒకే ఊళ్లో ఎట్లా పోగయ్యారా అని చూస్తుండిపోయాను.

ఆ వారంలోనే నాకు పెళ్లిచూపులు జరిగాయి. పెళ్లికొడుకుది స్టేషన్ ఘన్‌పూర్. హన్మకొండలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్. తల్లితో కలిసి వచ్చాడు. ఘన్‌పూర్‌లో పుట్టి పెరిగిన మనిషి రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడాడు. నన్ను రెండు ప్రశ్నలు అడిగి, జవాబు పూర్తిగా వినకుండానే బాపు వైపు తిరిగాడు. ఇక మాటలు ఆగిపోయి, అందరూ మిక్చర్ ప్లేట్ల వైపు చూస్తుంటే కాక ఉండబట్టలేకపోయాడు.

"సార్, మీరు ఇంగ్లీషు సారు గద. ఆ ఎండిన సముద్రం బొమ్మ రెండో పార్టు చూసిన్రా?"

"రెండు భాగాలూ చూశానండి" అన్నాడతను. కాలు మీద కాలు వేసుకున్నాడు. "మొదటి భాగం ఒక మహత్తరమైన విషాదం. మానవజాతికి ఇక విముక్తి లేదని చెప్పడానికే డైరెక్టర్ హీరోను చంపేశాడు. అట్లా చచ్చిన మనిషిని బతికించి రెండో భాగం తీయడం పచ్చి వ్యాపారం."

రెండో భాగం పచ్చి వ్యాపారమని నేనూ అనుకున్నాను. ఆ ముక్క వరకు బాగానే ఉంది. కానీ హీరో చచ్చాడనడం నాకు అర్థం కాలేదు.

"హీరో చచ్చిపోయిండా?" అని అడిగాను.

"అవును. స్తంభం మీది నుంచి గోతిలో పడి."

"మరి వేళ్లు?"

"ఏ వేళ్లు?"

అప్పుడు తెలిసింది నాకు. రెండో భాగం మొదట్లో, పాత కథ గుర్తు చేయడానికి హీరో పడిపోవడం ఒక్కటి చూపిస్తారు. వేళ్లు కదలడం చూపించరు. ఈయన చూసింది అదొక్కటే. మొదటి భాగం చూడనే లేదు. చూడని సినిమాకు మహత్తరమైన విషాదం అని పేరు పెట్టి మా ఇంట్లో కూర్చుని మాకు పాఠం చెబుతున్నాడు.

"మీరు ఫస్ట్ పార్ట్ ఎక్కడ చూసిన్రు?" అన్నాను.

"హైదరాబాద్‌లో."

"హైదరాబాద్‌ల ఆఖరికి తాడు మీద వేళ్లు కదలలేదా?"

ఒక్క క్షణం తడబడ్డాడు. వెంటనే నవ్వాడు. "ఓ, అదా! అది సింబాలిక్ షాట్. దాన్ని కథలో భాగంగా తీసుకోకూడదు. మామూలు ప్రేక్షకులు అక్కడే పొరపడతారు."

ఇప్పుడే ఏ వేళ్లని అడిగిన మనిషి! నాకు కోపం కంటే రోత ఎక్కువ కలిగింది. సాక్ష్యం కోసం కాక వైపు చూశాను. వేళ్లు కదిలినప్పుడు నా భుజం విరిచినంత పని చేసిన మనిషి ఆయన. కాక మిక్చర్‌లో పల్లీలు ఏరుకుంటూ, "అయ్యుంటది లేవే. సారుకు మనకన్న ఎక్కువ తెల్వదా?" అన్నాడు.

పెళ్లికొడుకు తల్లి మంచిది. "ఈ సినిమాల ముచ్చట ఏందిరా మీకు? జర మంచినీళ్లియ్యి బిడ్డా" అని నన్ను లోపలికి పంపించేసింది.

రెండు రోజులకు కబురొచ్చింది. పిల్ల నచ్చింది, మాట కొంచెం దురుసు, పెళ్లయితే అదే సర్దుకుంటుంది అని. నేను చేసుకోనన్నాను.

"పిల్లగానికి ఏం తక్కువున్నదే?" అన్నాడు బాపు.

"చూడని సినిమా చూసిన్నని చెప్తాండు బాపూ."

బాపు నా వైపు కాసేపు చూశాడు. ఇంతకాలం పెంచిన కూతురికి మతి తప్పిందేమో అనుకున్నాడని ఆ చూపులోనే తెలిసింది. అమ్మ ఏడ్చింది. కాక అయితే అందరికంటే గట్టిగా లేచాడు. "బొమ్మ కోసం లెక్చరర్ సంబంధం ఇడిసిపెడ్తరా ఎవలన్న? బజార్ల చెప్తే నవ్వుతరు."

"వేళ్లు కదిలినయా లేదా కాకా?"

"కదిలినయ్."

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలే?"

"పెండ్లి ముచ్చటల వేళ్ల ముచ్చటెందుకే?"

చాయ్ హోటల్ ముందర ముక్కూ ముఖం తెలియని వాళ్ల చొక్కాలు పట్టుకున్న మనిషి, సొంత ఇంట్లో ఉన్నమాట చెప్పలేకపోయాడు. ఆ లెక్చరర్ ఎవరో పరాయివాడు, వాడి మీద ఏవగింపుతో సరిపోయింది. కాక మీద కలిగిన చిన్నచూపు మాత్రం నన్ను చాలా రోజులు బాధపెట్టింది.

ఆ తర్వాతి ఆదివారం బాపు కాజీపేటలో పనుందని పొద్దున్నే బయలుదేరాడు. మధ్యాహ్నం తిరిగొచ్చి కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. మేమంతా పీటల మీద ఉన్నాం.

"ఆ బొమ్మ చూసొచ్చిన" అన్నాడు.

కాక చేతిలో ముద్ద ఆగిపోయింది. బాపు అంతకుముందు ఇంగ్లీషు సినిమా చూసిన మనిషి కాదు. తెలుగు సినిమాలే, అవీ పండుగలకే చూసేవాడు.

"ఇంత చెత్త బొమ్మను నేను పుట్టినకాడికెల్లి చూడలే. తాగేందుకు నీళ్లు లెవ్వంటాన్రు, మరి ఆ హీరోకు రోజూ గడ్డం ఎవడు గీస్తాండు? ఆ పిల్ల అంత బరువు మోస్తాంటే వాడు ఉత్త చేతులూపుకుంట నడుస్తాండు. సిగ్గులేనోడు."

అమ్మ చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బాపు నవ్వలేదు. కాక వైపు తిరిగాడు.

"మొదటి దాంట్ల వాని వేళ్లు కదిలినయారా?"

"కదిలినయ్ అన్నా."

"ఆ మాట అందరి ముంగట అననీకి నీకేమడ్డమొచ్చింది?"

కాక తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. బాపు చారు పోయించుకుని నాతో అన్నాడు, "ఇసొంటి చెత్తకే అబద్ధమాడినోడు, సంసారంల ఎన్ని ఆడుతడో. వద్దని కబురు పెడ్త."

లెక్చరర్‌కు ఆ ఏడే వర్ధన్నపేటలో మా దూరపు చుట్టాల పిల్లతో పెళ్లయింది. పెళ్లికి మేమూ పోయాం. విడిదింట్లో స్నేహితులను చుట్టూ కూర్చోబెట్టుకుని ఇంకేదో సినిమా గురించి అదే గొంతుతో చెబుతున్నాడు. ఆ సినిమా ఇంకా వరంగల్‌కు రాలేదు. వాళ్లంతా తలలూపుతున్నారు. పందిట్లో మా చుట్టాల పిల్ల పూలజడ సర్దుకుంటూ సంతోషంగా ఉంది. నేను అన్నం తిని బాపుతో బస్సెక్కాను.

కాక తర్వాత కూడా ఆదివారాలు హన్మకొండ పోయేవాడు, ఒక్కడే. నేను పోలేదు. చలికాలంలో ఒకరోజు గడప దగ్గర చెప్పులేసుకుంటూ, "రావే, వాళ్లేమంటాన్రో సమజైతలేదు" అన్నాడు.

"సారును తోల్కపో కాకా" అన్నాను.

ఆయన మెట్లు దిగిపోయాడు. నా పెళ్లయి ఆ ఇల్లు వదిలేదాకా మళ్లీ నన్ను సినిమాకు పిలవలేదు.