తట్ట బరువు మీద కొమురమ్మ మాట

1973లో నేను గోదావరిఖనిలో ఒక బొగ్గుగని వెల్ఫేర్ సెక్షన్‌లో క్లర్కుని. క్వార్టర్లు, దవాఖాన చీటీలు, సెలవుల తగాదాలు అన్నీ మా బల్ల మీదికే వచ్చేవి. మిషన్ బడిలో చదువుకున్నందువల్ల నాకు ఇంగ్లీషు వచ్చు. అందుకే బయటి దేశాలవాళ్ళు ఎవరొచ్చినా దుబాసీ పని నాకే పడేది.

ఆ ఏడు ఎండాకాలంలో ఒక పెద్దమనిషి వచ్చాడు. దేశాలన్నీ కలిసి పనివాళ్ళ కోసం నియమాలు చేసే సభ ఒకటుంది. అందులో సర్కార్లతో పాటు యజమానులకూ కార్మికులకూ ఓటుంటుంది. ఆయన ఆ సభ మనిషి. ఆడవాళ్ళు ఎంత బరువు మొయ్యవచ్చనే నియమం మీద వివరాలు అడగడానికి వచ్చాడు. గెస్ట్‌హౌజ్‌లో ఆఫీసర్లూ యూనియన్ నాయకులూ ఆయనకు అన్నీ చెప్పారు. అందరూ మగవాళ్ళే.

తర్వాత ఆయన్ని బొగ్గు జల్లెడపట్టే స్క్రీనింగ్ ప్లాంటుకు తీసుకెళ్ళాం. బొగ్గుతో కలిసొచ్చే నల్లరాయిని షేల్ అంటారు. దాన్ని ఏరి తట్టల్లో మోసుకెళ్ళి పారబోసేది ఆడవాళ్ళు. వాళ్ళలో కొమురమ్మ అనే ఆమె తట్ట దించి నన్ను పిలిచింది.

"సారూ, ఈ దొర ఏంటికొచ్చిండు?"

చెప్పాను.

"మా తట్ట ముచ్చట మమ్ముల అడుగకుంట ఎట్ల రాస్తడు?"

పక్కనున్న మా గని మేనేజర్ గారు వాచీ చూసుకున్నారు. "టైమైపోతోంది. వీళ్ళు తమకు ఏ ఇబ్బందీ లేదంటున్నారని చెప్పవయ్యా" అన్నారు. నా నౌకరీ ఇంకా పర్మనెంట్ కాలేదు. అయినా ఆమె అన్నమాటే ఇంగ్లీషులో చెప్పాను. ఆ పెద్దాయన అక్కడే ఒక రాయి మీద కూర్చుని, చెప్పమన్నట్టు చెయ్యి ఊపాడు.

"మా అవ్వ ఇల్లందుల గని కింద తట్ట మోసేది. ఆడోళ్ళు కిందికి దిగొద్దని మీ అసుంటోళ్ళే ఎక్కన్నో రాసిన్రట. మంచికే రాసిన్రేమో. కని మా అవ్వ పని పోయింది. అప్పుడు ఎవ్వలడుగలే. ఇప్పుడన్న మా మాట ఇనుండ్రి. బరువు తగ్గియ్యుండ్రి, మమ్ముల తగ్గియ్యకుండ్రి."

పెద్దాయన, "మీ దేశం నుంచి కార్మికుల ప్రతినిధి ఒకరు సభకు వస్తారు. ఈ మాట ఆయన చెప్పాలి" అన్నాడు.

"ఆయనను ఎవలు పంపుతరు?"

"పెద్ద యూనియన్లను అడిగి సర్కారు పంపుతుంది."

కొమురమ్మ వెంటనే మా వెనకున్న యూనియన్ సెక్రెటరీ రాజయ్య వైపు తిరిగింది. "అయితే అన్నా, మన యూనియన్ కమిటీల ఆడోళ్ళు ఎవలున్నరే?"

రాజయ్య నవ్వాడు. "ఇన్నేండ్లల్ల ఒక్కలన్న నిలబడుతమన్నరా అక్కా?"

"ఇగ నేను నిలబడుత."

ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారని పెద్దాయన అడిగితే చెప్పాను, ఆయనా నవ్వాడు.

జీపులో మేనేజర్ గారు, "నేను చెప్పమన్నది చెప్పలేదు నువ్వు" అన్నారు.

"ఆమె ఆ మాట అనలేదు సార్."

"సరేలే" అని కిటికీలోంచి బయటికి చూశారు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. కొన్నాళ్ళకు ప్లాంటుకు చిన్న తట్టలు తెప్పించింది కూడా ఆయనే.

తర్వాతి యూనియన్ ఎన్నికల్లో కొమురమ్మ నిలబడింది. వెక్కిరించినవాళ్ళు లేకపోలేదు. కానీ ఆమె భర్త మల్లయ్య, గనిలో బొగ్గు కొట్టే కోల్‌కట్టర్, డ్యూటీ దిగి స్నానం చేసి ఆమెతో క్వార్టర్ క్వార్టర్ తిరిగాడు. ఆమె గెలిచింది. సముద్రం దాటి సభకు వెళ్ళే ప్రతినిధి హైదరాబాద్‌లో యూనియన్లను కలిసినప్పుడు మా వైపు నుంచి వెళ్ళిందీ ఆమే. ఆయన ఆ సభలో ఎంత చెప్పాడో, ఎవరు విన్నారో నాకు తెలియదు. నేనున్నన్నాళ్ళు మాత్రం బరువు పేరు చెప్పి మా ప్లాంటులో ఒక్క ఆడమనిషినీ తీసెయ్యలేదు.

ఏడు సముద్రాల అవతలి సభలో మన మాట వినపడాలంటే, ముందు మన గని కమిటీలో ఎవరు కూర్చున్నారో చూసుకోవాలని నాకు అప్పుడు తెలిసింది. అప్పట్నుంచి ఇంగ్లీషులో ఏ కొత్త నియమం వచ్చినా తెలుగు చేసి, ప్లాంటులో చాయ్ వేళకు చదివి వినిపించేవాణ్ని. చదవడం కాసేపే, వాళ్ళ ప్రశ్నలు మాత్రం మళ్ళీ పని సైరన్ మోగినా తెగేవి కావు.