పాప వేసిన ఎల్‌సీఎం

ఉప్పళంలో ఉంటాం. మా ఆయనకు ఆరు రోజులకొకసారి మిల్లు సెలవు, ఆస్పత్రిలో ఆయాగా చేసే నాకు ఎనిమిది రోజులకొకసారి. బళ్ళో ఎల్‌సీఎం నేర్చుకున్న మా పాప, ముగ్గురం కలిసి బీచికి పోవాలంటే ఇరవై నాలుగు రోజులకొకసారే కుదురుతుందని తేల్చి, క్యాలెండరులో ఆ తేదీకి సున్నా చుట్టింది.

ఆ తేదీ రాకముందే మిల్లు మూతపడింది. ఆయన క్యారియరు పక్కన పెట్టి గోడకానుకుని కూర్చున్నారు.

"నాయనా, రేపు డ్యూటీకి పోవా?"

"యాడికీ పోను పాపా. ఇంక రోజూ ఇంట్లోనే."

పాప కాసేపు వేళ్ళు లెక్కపెట్టుకుంది.

"అమ్మా, నాయనకిప్పుడు ఆరు కాదు, ఒకటి. అప్పుడు ఎల్‌సీఎం ఎనిమిదే. నీ లీవు వచ్చినప్పుడంతా బీచికి పోవచ్చు" అంది సంబరంగా.

"సరిగ్గా చేసినావు" అన్నారాయన, తలెత్తకుండా.

ఆ లెక్కలో ఎక్కడైనా తప్పుంటే బాగుండునని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.