పరగడుపు అత్తగారు

రక్తపరీక్షల్లో తనను మించినవాళ్లు లేరని ఆ అత్తగారి నమ్మకం. పన్నెండేళ్ల షుగరు అనుభవం మరి! ఏ చేతిలో ఏ నరం దొరుకుతుందో సూది పట్టినవాళ్లకే పాఠం చెబుతుంది. కోడలికి అండాలు ఎన్ని మిగిలాయో తెలుసుకోవడానికి డాక్టరమ్మ హార్మోను పరీక్ష రాస్తే, పొద్దున్నే పరగడుపున ఆస్పత్రికి లాక్కొచ్చింది. "దీనికి తిని రావచ్చండీ" అని రక్తం తీసే అమ్మాయి చెప్పినా చెవిన పెట్టలేదు. ఆకలికి ఆగలేక కోడలు చాటుగా ఒక బిస్కెట్ తింటే, చూసి కళ్లెర్రజేసింది.

సాయంత్రం రిపోర్టులో అంకె సున్నా పాయింట్ ఆరు. "ఎంత తక్కువొచ్చిందో చూశారా! అంతా నా పథ్యం చలవే" అని బెంచీ మీద కూర్చున్నవాళ్లందరికీ చూపించుకుంది. లోపల డాక్టరమ్మ మెల్లగా అంది: "ఇది షుగరు కాదమ్మా. ఇది తగ్గిందంటే అండాలు తక్కువున్నాయని. పిల్లలు పుట్టరని కాదు, కానీ ఇక ఆలస్యం చెయ్యకూడదు. ఇన్నాళ్లూ ఎందుకాగారు?" కోడలు తలెత్తకుండానే చెప్పింది: "పై అంతస్తు కట్టడం పూర్తయ్యాకే పిల్లలన్నారండీ అత్తయ్య. ఆరేళ్లయింది." అత్తగారు కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, కోడలి వైపు తిరిగింది. "ఆ బిస్కెట్ తినొద్దని చెప్పానా, లేదా?"