వద్దన్నా వడ్డించిన వెబ్‌సైటు

మొన్న శుక్రవారం నా వెబ్‌సైటు పరువు గంగలో కలవబోయి ఆఖరి నిమిషంలో గట్టెక్కింది. నవ్వనంటే చెబుతాను. సరే, నవ్వండి, కానీ మధ్యలో ఆపకండి!

ముందు సైటు గురించి రెండు ముక్కలు. మా చిలకలూరిపేటలో సొంత వెబ్‌సైటు ఉన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే. లెక్క ఎవరు తీశారంటారా? నేనే తీశాను. పగలు స్కూల్లో పిల్లలకి కంప్యూటర్ చెబుతాను. సాయంత్రం ఇంటికొచ్చి మా ఇంటి పచ్చళ్ళు, పొడులు, కూరలు సైట్లో రాస్తాను. పండుమిరపకాయల పచ్చడి పేజీ చూసి దుబాయ్ నుంచి ఒకాయన "అమ్మా, కళ్ళలో నీళ్ళు తిరిగాయి" అని రాశాడు. కారానికా, అభిమానానికా అని నేను అడగలేదు. అభిమానానికే అనుకుని అందరికీ చెప్పాను.

ఈ సైటు మొదలుపెట్టినప్పుడు మావారు కాస్త నవ్వారు. ఆయన స్పిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజర్. ఆ నవ్వుకి నాకు ఒళ్ళు మండి, "దీనికోసం ఇంట్లోంచి పైసా అడగను. అడగాల్సిన రోజొస్తే మూసేస్తాను" అనేశాను. అన్నమాట అన్నమాటే కదా! అందుకని సైట్లో ప్రకటనలు పెట్టించాను. సైటుకయ్యే ఖర్చు ఆ ప్రకటనలే మోస్తున్నాయి. అవి ఆగితే సైటు లేదు, దుబాయ్ ఆయన కన్నీళ్ళూ లేవు.

పోయిన వారం ఆ ప్రకటనల కంపెనీ నుంచి ఇంగ్లీషులో పొడుగాటి మెయిల్ వచ్చింది. సారాంశం ఇదీ. నా సైటు చూడ్డానికొచ్చిన వాళ్ళ కంప్యూటర్లో కంపెనీవాళ్ళు కుకీ అనే చిన్న ఫైలు పెడతారట. మనం ఏ పేజీలు చూస్తున్నామో అది గుర్తు పెట్టుకుంటుంది. దాన్నిబట్టి మనకి ప్రకటనలు వేస్తారు. గోంగూర చూసినవాళ్ళకి నూనె ప్రకటన, అలాగన్నమాట. ఇప్పుడు కొత్త రూల్స్ వచ్చాయి, ఈ సంగతి వచ్చినవాళ్ళకి చెప్పి, ఇష్టమేనా అని అడగాలి, వద్దన్నవాళ్ళ జోలికి పోకూడదు, శుక్రవారం లోగా అలా అడిగే బ్యానర్ పెట్టకపోతే ప్రకటనలు ఆపేస్తాం అని మెయిల్.

ఇంకొకళ్ళయితే కంగారుపడేవాళ్ళు. నేను పడలేదు! స్కూలు నుంచి రాగానే కూర్చుని చక్కటి బ్యానర్ తయారుచేశాను. పేజీ కింద మిరపపండు రంగులో ఒక పట్టీ. దాని మీద తెల్లటి అక్షరాలు: "ప్రకటనల కోసం మీ కంప్యూటర్లో కుకీ అనే చిన్న ఫైలు పెట్టమంటారా?" పక్కనే రెండు బటన్లు, సరే, వద్దు. రెండూ ఒకే సైజు. వద్దన్నవాళ్ళకి ప్రకటన లేకుండా ఆ చోటు ఖాళీగా వదిలేలా కోడ్ కూడా రాశాను. మావారిని పిలిచి చూపించాను. "బావుందే" అన్నారు. ఆయన నోటి నుంచి ఆ మాట రావడం అంటే మామూలు విషయం కాదు.

మర్నాడు చూద్దును కదా, ఒకళ్ళు కాకపోతే ఒకళ్ళు, అందరూ వద్దే! నిజంగా పచ్చళ్ళంటే ప్రాణం పెట్టేవాళ్ళు, రోజూ వచ్చేవాళ్ళు కూడా వద్దు. నేనూ వద్దు నొక్కి చూశాను, ప్రకటనలుండే చోట తెల్లటి ఖాళీ గళ్ళు. ఆ పేజీ చూస్తుంటే పెళ్ళివారు వెళ్ళిపోయిన పందిరిలా ఉంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మా అత్తయ్య వరండాలో కారంలోకి వెల్లుల్లి ఒలుస్తోంది. "ఏమే అమ్మాయ్, మొహం అలా పెట్టావు?" అంది. చెప్పాను.

"అయితే అడిగావు, వద్దన్నారు, ఊరుకున్నావు. అంతేనా?"

"ఊరుకోక ఏం చెయ్యమంటారత్తయ్యా?"

"ఎన్నిసార్లు అడిగావు?"

"ఒక్కసారే."

అత్తయ్య వెల్లుల్లి గిన్నె పక్కన పెట్టేసింది. "ఒక్కసారి అడిగితే సరే అనడానికి వాళ్ళకి సిగ్గుండదటే? మొదటిసారి అడిగితే వద్దంటాం, అది మర్యాద. రెండోసారి అడిగితే నసుగుతాం. మూడోసారి గట్టిగా అడిగితే అప్పుడు కదా చెయ్యి చాపుతాం! నువ్వు మొదటిసారికే గరిటె లోపల పెట్టేసుకున్నావు. ఇహ ఎవరు తింటారే?"

మా అత్తయ్య వడ్డన గురించి మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి "చాలు పిన్నిగారూ, మీకు దణ్ణం పెడతాను" అన్నా సరే, వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోస్తుంది. ఆవిడ చేతి భోజనం చేసినవాళ్ళు ఎవరూ మా గుమ్మం దాకా మామూలుగా నడిచి వెళ్ళలేదు. పేట మొత్తం మీద ఆ విషయంలో మా అత్తయ్యకి ఉన్న పేరు ఇంకెవరికీ లేదు. అలాంటావిడ చెబితే తప్పెలా అవుతుంది? నాకు కళ్ళు తెరుచుకున్నట్టయింది. ఇంగ్లీషువాళ్ళు రాసిన రూల్‌కి మన మొహమాటం గురించి ఏం తెలుసు?

ఆవిడ చెబుతూ ఉంటే నేను కోడ్ రాసుకుంటూ పోయాను. ఎవరైనా వద్దు నొక్కితే తెర మీద రెండో డబ్బా వస్తుంది: "అయ్యో, అలా అంటే ఎలాగండీ! కొంచెమే!" మళ్ళీ వద్దు నొక్కితే మూడోది: "ఇంత దూరం వచ్చి ఏమీ పుచ్చుకోకుండా వెళ్తారా? పెద్దదాన్ని, నా మాట కాదంటారా?" ఆ మూడో డబ్బాకి ఒకటే బటన్. దాని మీద "సర్లెండి, మీ ఇష్టం" అని ఉంటుంది. నొక్కితే సరే అన్నట్టే.

"ఇక్కడ కూడా వద్దు బటన్ పెట్టనా అత్తయ్యా?" అని అడిగాను, కాస్త అనుమానంగా.

"అప్పటికి కూడా వద్దనే మనిషి మనింటికి ఎందుకొస్తాడే?" అంది.

పెట్టలేదు.

చెబితే నమ్మరు, పూట తిరక్కుండా ప్రకటనలన్నీ తిరిగొచ్చేశాయి! సరే మీద సరే! దాచేపల్లి నుంచి ఒకమ్మాయి, "అక్కా, మూడో డబ్బా చూడగానే మా పెద్దమ్మ గుర్తొచ్చి నొక్కేశాను" అని రాసింది. దుబాయ్ ఆయనైతే ఆ డబ్బాల కోసమే మళ్ళీ మళ్ళీ వద్దు నొక్కి చూస్తున్నాడట. నేను ఇక ఆగలేదు. స్కూల్లో స్టాఫ్‌రూమ్‌లో చెప్పాను. పెదకాకానిలో చుట్టాలింట్లో భోజనాలకి వెళ్తే అక్కడ అందరి ముందూ చెప్పాను. "రూల్‌కి రూలూ, మర్యాదకి మర్యాదా" అన్నాను. మావారు కూడా మిల్లులో చెప్పుకున్నారట. నవ్విన ఆ మనిషే!

శుక్రవారం మధ్యాహ్నం స్కూల్లో ఉండగా ఫోన్ మోగింది. హైదరాబాద్ నుంచి. ప్రకటనల కంపెనీలో సైట్లు చెక్ చేసే అమ్మాయి, పేరు స్వాతి. తెలుగమ్మాయే. మెచ్చుకోవడానికి చేసిందనుకుని బయటికెళ్ళి మరీ మాట్లాడాను.

"మేడమ్, మీ బ్యానర్ చూశానండి. వద్దు నొక్కాను."

"నొక్కావామ్మా."

"కొంచెమే అని వచ్చింది. కుకీ కొంచెం పెట్టడం ఎలాగండీ?"

"అది మాటవరసకమ్మా."

"మళ్ళీ వద్దు నొక్కాను. పెద్దదాన్ని, నా మాట కాదంటారా అని వచ్చింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను మేడమ్! నాకు తెలియకుండానే సర్లెండి నొక్కేశాను. నేను చెక్ చేసేదాన్ని, నేనే పడిపోయాను!"

నాకు లోపల గర్వంగానే ఉంది, అబద్ధమెందుకు? కానీ ఆ అమ్మాయి గొంతు మారింది. "మేడమ్, ఇది బలవంతం కిందికి వస్తుంది. సరే అనడం ఎంత సులువో వద్దనడం అంతే సులువుగా ఉండాలి. ఒకసారి వద్దంటే వదిలెయ్యాలి."

"బలవంతం కాదమ్మా, మర్యాద."

"నాకు తెలుసండీ, మాది తెనాలి. కానీ మా మేనేజర్‌గారు తెలుగాయన కాదు. ఆయనకి రిపోర్టులో ఏమని రాయను? సాయంత్రం ఐదింటికి నేను పంపించాలి. ఇలాగే ఉంటే మీ సైట్లో ప్రకటనలు ఆగిపోతాయండీ."

అప్పుడు భయం పట్టుకుంది. నిజం భయం. ప్రకటనలు ఆగితే మావారిని డబ్బులడగాలి, లేదా అన్న మాట ప్రకారం సైటు మూసెయ్యాలి. అడగడం కంటే మూసెయ్యడమే నయం అనుకున్నాను, కానీ ఎలా మూస్తాను? ఇన్నాళ్ళూ నా పేరు చెప్పుకునే చోటు అదొక్కటే. స్కూల్లో టీచర్ని, ఇంట్లో కోడల్ని, అక్కడ మాత్రం నేను.

పర్మిషన్ పెట్టి ఇంటికి పరుగెత్తాను. వెళ్ళేసరికి కరెంటు లేదు! మూడింటికి గానీ రాలేదు. రాగానే రెండో డబ్బా తీసేశాను, మూడోదీ తీసేశాను. తీసేస్తే మళ్ళీ మొదటికే వస్తాం కదా, అందరూ మర్యాదకి వద్దంటారు. తల పట్టుకు కూర్చున్నాను. అత్తయ్య మజ్జిగ తెచ్చి, "తాగు" అంది. నేను "వద్దత్తయ్యా" అన్నాను. అంటూనే గ్లాసు కోసం చెయ్యి చాపాను.

ఇదేనమ్మా సంగతి! నేను వద్దన్నది మళ్ళీ అడుగుతుందన్న ధీమాతో. మళ్ళీ అడగదని ముందే తెలిస్తే వద్దంటానా? గ్లాసు ఖాళీ చేసి బ్యానర్ కొత్తగా రాశాను. కుకీ ఏం చేస్తుందో అంతా చెప్పి, కింద ఈ మాట: "ఇక్కడ మొహమాటం అక్కర్లేదు. ఒక్కసారే అడుగుతాం, మళ్ళీ అడగం. నిజంగా ఏమనిపిస్తే అది నొక్కండి." పక్కన సరే, వద్దు, అంతే.

అత్తయ్య చదివించుకుని మండిపడింది. "మళ్ళీ అడగం అని గుమ్మంలోనే చెప్తారటే? ఎవరింటి పెంపకమే ఇది?"

"మీ ఇంటిదేనత్తయ్యా" అంటూ సైట్లో పెట్టేశాను.

పెట్టాక చూస్తే సగం మంది సరే, సగం మంది వద్దు! ఆ సరేలు నిజం సరేలు, ఆ వద్దులు నిజం వద్దులు. సరే అన్నవాళ్ళతోనే సైటు ఖర్చు గడిచిపోతుంది. ఐదింటికి ఇంకా కాసేపుందనగా స్వాతి ఫోన్ చేసింది.

"మేడమ్, పాసయిపోయింది! మీరు రాసిన ఆ మాట ఇంగ్లీషులో చెబితే మా మేనేజర్‌గారికి తెగ నచ్చింది. వేరే సైట్లవాళ్ళకి కూడా చూపిస్తానన్నారండీ."

నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. చిలకలూరిపేటలో కూర్చుని నేను రాసిన వాక్యం, ఎవరెవరో చూసి నేర్చుకోవడం! ఆనందం పట్టలేక, "అమ్మా స్వాతీ, అడ్రసు చెప్పు, మా ఇంటి వెల్లుల్లి కారం పంపిస్తాను" అన్నాను.

"వద్దండీ, మేం తీసుకోకూడదు."

"అయ్యో, అలా అంటే ఎలాగమ్మా! కొంచెమే!"

"మేడమ్, మీ సైటు పాసయింది. మీరే ఫెయిల్" అంది.