రెలిక్ట్ అనే మాట

నా చిన్నప్పుడు చోడవరంలో మా ఇంటి అరుగు మీద ఎవరో ఒకరు ఏడవని రోజు తక్కువ. మా తాతయ్య తాలూకా ఆఫీసుకి అర్జీలు రాసేవారు. పొలం తమ పేర మార్పించుకోవడానికి వచ్చేవాళ్లలో మొగుడు పోయిన ఆడవాళ్లే ఎక్కువ. వాళ్ల అర్జీలన్నీ దొరల కాలం నాటి ఇంగ్లీషులో, ఫలానా వాడి 'రెలిక్ట్' అనే మొదలయ్యేవి. తెలుగులో చదివి వినిపించకుండా తాతయ్య ఎవరిచేతా వేలిముద్ర వేయించేవారు కాదు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'భార్య' అని చదివేవారు.

నాకు పదకొండేళ్లు. ఇంగ్లీషులో క్లాసు ఫస్టు, పొగరులో అంతకన్నా ఫస్టు. ఆ మాటని లావుపాటి డిక్షనరీలో వెతికి పట్టుకున్నాను. పూర్వం విధవని అలా రాసేవారట. అసలు అర్థం, మిగిలిపోయినది. పాపం తాతయ్యకి తెలియదనుకుని లోలోపల మురిసిపోయాను.

ఆ ఏడు తాతయ్య కళ్లకి పొర కమ్మింది. అలవాటు కొద్దీ రాసేవారు గానీ, చదివి వినిపించడం నా పనయింది. ఒకరోజు చీడికాడ వైపు నుంచి ఒకామె వచ్చింది. నుయ్యి తవ్వుతుంటే గట్టు విరిగిపడి మొగుడు అందులోనే పోయాడు. పెద్దకర్మ కాకముందే మరుదులు ఆమె చేలో నాగలి దింపేశారు. ఆ అర్జీ తప్ప ఆమెకి ఇంకో దారి లేదు.

నేను గొంతు సవరించుకుని, ఫలానా వాడు పోగా మిగిలిపోయినది అని ఉన్నదున్నట్టు చదివేశాను.

ఆమె నా వైపు తిరిగింది. "మిగిలిపోయిందంటే ఏటి పాపా? కుండడుగున కూడులాగా?" అంది.

తాతయ్య కాగితం లాక్కుని చింపబోయారు. పిల్ల తప్పు చదివిందమ్మా, మళ్లీ రాస్తానన్నారు.

"వొద్దు బాబూ. గుంట ఉన్నమాటే సెప్పింది. ఉండనీ" అంటూ ఆమె బొటనవేలికి సిరా పూసుకుని ముద్ర వేసింది. చెంగు నోట్లో కుక్కుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

తాతయ్య నన్ను తిట్టలేదు. "నాకు తెలీకనా అమ్మా, ఇన్నేళ్లూ భార్య అని చదివేను?" అన్నారు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో ఆ పూట నాకు అన్నం దిగలేదు. ఆ పొలం ఆమెకి దక్కిందో లేదో ఇప్పటికీ తెలియదు.

నిరుడు మా ఆయన పోయారు. ఇన్నాళ్లూ ఇద్దరికి వండిన చేతికి ఒక్కదాని కొలత అందడం లేదు. రోజూ గిన్నె అడుగున గుప్పెడు అన్నం ఉండిపోతుంది. అది చూసినప్పుడల్లా ఆమె అడిగిన మాట వినిపిస్తుంది. ఇంట్లో ఎవరూ ఉండరు కదా, పైకే జవాబు చెబుతాను.

కాదమ్మా, భార్య అనే రాసి ఉంది.